గొంతు విప్పడానికి తొమ్మిది నిమిషాలు

పింక్ ఫ్లాయిడ్ వాళ్ల ‘షైన్ ఆన్ యూ క్రేజీ డైమండ్’ నిడివి సుమారు 26 నిమిషాలు. అందులో మనిషి గొంతు వినిపించేది మహా అయితే నాలుగు నిమిషాలు. మొదటి మాట చెవిన పడేసరికి దాదాపు తొమ్మిది నిమిషాలు గడిచిపోతాయి. ఆ వ్యవధిలో మన సినిమా పాటలు రెండు పూర్తయిపోతాయి. ఇంత తీరిగ్గా నోరు విప్పే పాట జనానికి ఎక్కకూడదు. ఎక్కింది. ఈ పాటతో మొదలై ఈ పాటతోనే ముగిసే ‘విష్ యూ వర్ హియర్’ ఆల్బమ్ 1975 సెప్టెంబరులో విడుదలై బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ అమ్మకాల పట్టికల్లో మొదటి స్థానానికి చేరింది. గిటార్ కొత్తగా చేతపట్టిన కుర్రాళ్లు ఇందులోని నాలుగు స్వరాలను ఇప్పటికీ మీటి చూసుకుంటూనే ఉంటారు.

దీన్ని ప్రోగ్రెసివ్ రాక్ అనే గూట్లో పెడతారు. 1960ల చివర్లో బ్రిటన్‌లో కొందరు కుర్రాళ్లకు మూడు నిమిషాల పాట ఇరుకనిపించింది. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం నుంచి కొంత, జాజ్ నుంచి కొంత తెచ్చుకుని, ఎల్‌పీ రికార్డులో ఒక వైపు మొత్తం నిండేంత పాటలు కట్టడం మొదలుపెట్టారు. 1972లో యెస్ బృందం ‘క్లోజ్ టు ది ఎడ్జ్’, జెనెసిస్ బృందం ‘సప్పర్స్ రెడీ’ అలా వచ్చినవే. వేళ్ల వేగం, చిక్కు తాళాలు, పేజీల కొద్దీ సాహిత్యం ఈ సంగీతానికి గుర్తులు. తిట్టేవాళ్లు తిట్టిందీ వాటినే: వాయించడం వచ్చు గనక వాయించేస్తున్నారు, అవసరమై కాదు అని.

‘షైన్ ఆన్’కు ఆ తిట్టు అంటదు. ఇందులో వేళ్లు తడబడేంత కష్టమైన వాయింపు దాదాపు లేదు. కాస్త చెయ్యి తిరిగిన కుర్రాడు ఏ భాగాన్నయినా నేర్చుకోగలడు. నేర్చుకున్నాక కూడా అతని చేతిలో అది ఆ పాటలా ఉండదు. ఏది ఎప్పుడు రావాలి, ఎంతసేపు రాకుండా ఆగాలి అనే నిర్ణయాల్లోనే పనితనమంతా ఉంది. ఈ పాట గురించి రాసేవాళ్లు ముందు, దీన్ని ఎవరిని తలుచుకుంటూ కట్టారో ఆ సిడ్ బారెట్ కథ ఎత్తుకుంటారు. కథ చెప్పుకోదగ్గదే. అయితే ఆ కథ తెలియనివాళ్లకు కూడా, ఇంగ్లీషు మాటలు అందనివాళ్లకు కూడా, వింటుంటే ఎవరో లేరన్న వెలితి తెలుస్తుంది. ఆ వెలితిని మాటలకు వదిలేయకుండా పాట కట్టుబడిలోనే ఎలా అమర్చారన్నదే చూడాల్సిన సంగతి.

వదిలి వెళ్లినవాళ్లు

సిడ్ అసలు పేరు రోజర్ కీత్ బారెట్. 1946లో కేంబ్రిడ్జ్‌లో పుట్టాడు. రోజర్ వాటర్స్, డేవిడ్ గిల్మోర్ పెరిగిందీ ఆ ఊళ్లోనే. చిత్రకళ చదువుకోవడానికి లండన్ వచ్చిన సిడ్, వాటర్స్, రిక్ రైట్, నిక్ మేసన్‌లతో కలిసి బ్యాండ్ కట్టాడు. పింక్ ఆండర్సన్, ఫ్లాయిడ్ కౌన్సిల్ అనే ఇద్దరు అమెరికన్ బ్లూస్ గాయకుల పేర్లలోంచి చెరో ముక్క తీసి బ్యాండ్‌కు పేరు పెట్టింది అతనే. తొలినాళ్లలో పాటలు రాసింది, పాడింది, గిటార్ వాయించింది అతనే. 1967లో వచ్చిన ‘సీ ఎమిలీ ప్లే’ బ్రిటన్ పట్టికలో ఆరో స్థానం దాకా వెళ్లింది. అదే ఏడాది అబీ రోడ్ స్టూడియోలో, పక్క గదిలో బీటిల్స్ ‘సార్జెంట్ పెప్పర్స్’ చేసుకుంటున్న రోజుల్లో, పింక్ ఫ్లాయిడ్ తొలి ఆల్బమ్ తయారైంది.

ఆ సంవత్సరం గడవకముందే మనిషి చెదిరిపోయాడు. ఎల్‌ఎస్‌డీ విపరీతంగా వాడాడు, మనసు పట్టు తప్పింది. వేదిక మీద గిటార్ మెడలో వేసుకుని వాయించకుండా నిలబడిపోయేవాడు. మిగతావాళ్లు గిటార్ వాయించడానికి గిల్మోర్‌ను తెచ్చుకున్నారు. కొన్ని వారాలు ఐదుగురూ ఉన్నారు. 1968 జనవరిలో ఒక రోజు కచేరీకి బయలుదేరుతూ దారిలో సిడ్‌ను ఎక్కించుకోకుండా వెళ్లిపోయారు. ఆ ఏప్రిల్‌లో అతను బ్యాండ్‌లో లేడని ప్రకటించారు. 1970లో అతని సొంత ఆల్బమ్‌లు రెండు వచ్చాయి, వాటికి పాత మిత్రులే చెయ్యందించారు. ఆ తర్వాత అతను పాటలు మానేసి నెమ్మదిగా కేంబ్రిడ్జ్‌లోని తల్లి ఇంటికి చేరుకున్నాడు.

అంటే ఈ పాట రాసినవాళ్లు అతన్ని పోగొట్టుకున్నవాళ్లు, తామే దించేసి వెళ్లినవాళ్లు కూడా. అతను పెట్టిన పేరుతోనే ప్రపంచ ప్రసిద్ధులయ్యారు. 1973లో ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’ వచ్చాక వాళ్లకు ఇక సాధించడానికి ఏం మిగిలిందో వాళ్లకే అర్థం కాలేదు. ఆ ఏడాది చివర్లో ఒక వింత పనికి దిగారు. వాయిద్యాలు పక్కన పెట్టి రబ్బరు బ్యాండ్లు, సీసాలు, గ్లాసులు లాంటి ఇంటి సామాన్లతో ఆల్బమ్ చేద్దామనుకున్నారు. వారాలు గడిచినా చేతికొచ్చింది కొంచెమే. వదిలేశారు. ఆ వృథా ప్రయాసలోంచి ఒక్క ధ్వని మాత్రం దాచుకున్నారు. వైన్ గ్లాసుల్లో నీళ్లు హెచ్చుతగ్గులుగా పోసి, తడివేలితో అంచు చుట్టూ రాస్తే వచ్చే సన్నని నాదం అది. ‘షైన్ ఆన్’ మొదలయ్యేది ఆ నాదంతోనే. 2011లో ‘విష్ యూ వర్ హియర్’ ఆల్బమ్‌ను మళ్లీ విడుదల చేసినప్పుడు ఆ గ్లాసుల రికార్డింగును కూడా విడిగా చేర్చారు. విన్నవాళ్లకు పాట తొలి పొర ఎక్కడిదో తెలిసిపోతుంది.

నాలుగు స్వరాలు

1974 మొదట్లో లండన్ కింగ్స్ క్రాస్ దగ్గర ఒక సాధన గదిలో కొత్త పాటల కోసం కూర్చున్నారు. గిల్మోర్ చేతి కింద అనుకోకుండా నాలుగు స్వరాలు పడ్డాయి. వాటర్స్ చెవి అక్కడ ఆగింది. ఆ నాలుగింట్లో అతనికి సిడ్ తాలూకు ఏదో వినిపించింది. పాటంతా దాని చుట్టూనే పెరిగింది. అభిమానులు ఇప్పటికీ దాన్ని సిడ్ థీమ్ అంటారు.

ఆ స్వరాలు బి ఫ్లాట్, ఎఫ్, జి, ఇ. పాట జి మైనర్‌లో ఉంది. కాబట్టి జి స్వరాన్ని షడ్జమంగా పెట్టుకుంటే మన లెక్కలో అవి గ, ని, స, ధ. గాంధారం నుంచి ఒక్క అంగలో నిషాదానికి ఎక్కి, షడ్జమానికి దిగి, మళ్లీ ధైవతానికి ఎక్కి ఆగిపోతాయి. చిక్కంతా ఆ చివరి ధైవతంలో ఉంది. అంతకుముందు దాదాపు నాలుగు నిమిషాలు సాగిన తొలి భాగం చెవిని మైనర్ స్వరాలకు అలవాటు చేసి ఉంటుంది. మన పద్ధతిలో చెప్పాలంటే అది నఠభైరవి స్వరాల మేళం, అందులో ఉండేది శుద్ధ ధైవతం. గిల్మోర్ నాలుగో స్వరంగా మీటింది చతుశ్రుతి ధైవతం. ఒక్క అరమెట్టు పైకి జరిగాడంతే, నఠభైరవి కాస్తా ఖరహరప్రియ వైపు తిరిగింది. ఇల్లు అదే, తెలియకుండానే ఒక కిటికీ తెరుచుకుంది.

ఇంకో విశేషం. మొదటి స్వరానికీ నాలుగో స్వరానికీ మధ్య ఉన్న దూరం సరిగ్గా షడ్జమానికీ ప్రతి మధ్యమానికీ ఉన్నంత. పాశ్చాత్యులు కుదురులేనిదిగా చూసే దూరం అది, అక్కడ ఆగితే చెవి ఊరుకోదు, తర్వాత ఏమిటని అడుగుతుంది. గిల్మోర్ అక్కడే ఆగుతాడు. జవాబు ఇవ్వడు. మోగి మోగి ఆ నాదం పలచబడేదాకా చెయ్యి ఎత్తేసి, మళ్లీ అవే నాలుగు స్వరాలు మీటుతాడు. మూడోసారీ అంతే, నాలుగోసారీ అంతే. పాటలో మరెవరూ ఏమీ వాయించరు. ఆ తర్వాతగానీ మేసన్ డ్రమ్స్, వాటర్స్ బేస్ గిటార్ కదలవు. అప్పటికి సుమారు నాలుగున్నర నిమిషాలైంది. పాటలో తాళం మొదలైంది అప్పుడే.

మామూలు చేతుల్లో పడితే ఈ నాలుగు స్వరాలు పాట మొదట్లోనే వచ్చి ఉండేవి. ఇంత చక్కని ముక్క దొరికితే ఎవరైనా ముందు దాన్నే చూపిస్తారు. వీళ్లు దాన్ని నాలుగు నిమిషాలు దాచారు. దాచి, వచ్చాక చుట్టూ ఖాళీ చేసి ఒంటరిగా నిలబెట్టారు. ప్రశ్నలా వినబడే స్వరం, దాని చుట్టూ జవాబు రాని నిశ్శబ్దం. సిడ్ గురించి ఇంకా ఒక్క మాటైనా అనలేదు, అయినా పిలుస్తున్నది అందని మనిషిని అని తెలిసిపోయింది.

ఒకరి వెనక ఒకరు

ఇప్పుడు వెనక్కి వెళ్లి తొలి భాగం చూద్దాం. గ్లాసుల నాదం మీద రైట్ సింథసైజర్లతో జి మైనర్ శ్రుతిని పరుస్తాడు. డ్రమ్స్ లేవు, బేస్ లేదు. రాగాలాపనలో తాళం ఉండనట్టే ఇక్కడా లెక్క ఉండదు. ఆ పరుపు మీద మొదట మినీమూగ్ సింథసైజర్ ఒక పల్చటి స్వరమాల పలుకుతుంది. తర్వాత గిల్మోర్ గిటార్ అందుకుంటుంది.

గిల్మోర్ పద్ధతి గమనించాలి. అతను తక్కువ స్వరాలు ఎన్నుకుని ప్రతి స్వరాన్నీ సాగదీస్తాడు. వీణ మీద మెట్టు మార్చకుండా తీగను పక్కకు లాగి పై స్వరాన్ని తెప్పించినట్టే అతనూ తీగ లాగుతాడు. లాగి, అక్కడ నిలిపి, వేలిని మెల్లగా ఊపుతాడు. ఒక పలుకు అయ్యాక మరో పలుకు మొదలుపెట్టే ముందు ఊపిరి తీసుకునేంత ఎడం ఇస్తాడు. గిటార్ మాట్లాడుతున్నట్టు ఉంటుందని చాలామంది అంటారు. అలా అనిపించడానికి కారణం ఆ ఎడాలు. పాడేవాడికి ఊపిరి కావాలి, గిటార్‌కు అక్కర్లేదు. అక్కర్లేని ఊపిరిని గిటార్‌కు ఇవ్వడం అతని విద్య.

రెండో భాగంలో సిడ్ థీమ్ వస్తుంది, తాళం కలుస్తుంది, గిల్మోర్ రెండోసారి వాయిస్తాడు. ఈసారి పదును ఎక్కువ. మూడో భాగంలో రైట్ మినీమూగ్‌తో ముందుకొస్తాడు, ఆ వెనక గిల్మోర్ మూడోసారి. ఎవరూ ఎవరి మీదా పడరు. ఒకరు ముగించాకే ఇంకొకరు. మేసన్ డ్రమ్స్‌లో గొప్పలు కనపడవు. నెమ్మదైన మూడేసి నడకను పట్టుకుని, ఒక్కో వాక్యం చివర మాత్రమే చెయ్యి కాస్త విదిలిస్తాడు. పాట వేగం పెంచాలని ఎవరికైనా చెయ్యి దురద పెట్టే చోటు ఇది. మేసన్‌కు పెట్టలేదు. అతని ఓపిక లేకపోతే మిగతా ముగ్గురి ఓపికకూ అర్థం ఉండేది కాదు.

అప్పుడు, తొమ్మిదో నిమిషం చేరబోతుండగా, గొంతు. పాడేది వాటర్స్. గిల్మోర్‌ది నున్నటి గొంతు, వాటర్స్‌ది గరుకు, పై స్థాయిలో బిగుసుకుంటుంది. అందంగా పాడగలిగిన మనిషి పక్కనే ఉన్నా బిగుసుకునే గొంతునే ఎన్నుకున్నారు. అతను ‘నువ్వు’ అని సంబోధిస్తూ చిన్ననాటి వెలుగునూ తర్వాతి చీకటినీ గుర్తుచేస్తాడు. పల్లవి దగ్గరికి వచ్చేసరికి గిల్మోర్, రైట్, గాయనులు వెనెట్టా ఫీల్డ్స్, కార్లెనా విలియమ్స్ గొంతులు వచ్చి చేరతాయి. జరిగింది చెప్పేటప్పుడు ఒక్క గొంతు, వెలుగుతూ ఉండమని దీవించేటప్పుడు పది గొంతులు అన్నంత నిండుదనం. నింద ఒక్కడు మోస్తాడు, ఆశీర్వాదం అందరూ కలిసి ఇస్తారు. ఈ పంపకం మాటలు చదివితే కనపడదు, వింటేనే అందుతుంది.

రెండు చరణాలు అయ్యీ కాగానే గొంతులు తప్పుకుంటాయి. గిటార్ మీద సిడ్ థీమ్ చిన్న చిన్న ముక్కలుగా విడిపోయి మెల్లగా తిరుగుతుంటే, డిక్ ప్యారీ బ్యారిటోన్ శాక్సఫోన్ వచ్చి కలుస్తుంది. కాసేపటికి అతను టెనర్ శాక్సఫోన్ అందుకుంటాడు. ఆ మార్పు దగ్గరే నడక కూడా మారుతుంది. అడుగు అదే, కానీ దానిలోపలి లెక్క రెట్టింపయి పాట ఉన్నట్టుండి పరుగెత్తుతున్నట్టు వినిపిస్తుంది. పదకొండు నిమిషాల పైచిలుకు బిగపట్టిన కళ్లెం వదిలింది ఇక్కడ. వదిలినా గమ్యం చేరనివ్వరు. ఎక్కడినుంచో ఒక యంత్రపు రొద లేచి శాక్సఫోన్‌ను మింగేస్తుంది. అంతలో ‘వెల్‌కమ్ టు ది మెషీన్’ అనే రెండో పాట మొదలైపోతుంది.

మధ్యలోకి కోత

ఇక్కడే అసలు తగాదా. ఈ పాటను మొదట ఏకఖండంగానే కట్టారు. 1974 జూన్‌లో ఫ్రాన్స్ కచేరీల్లో, ఆ తర్వాత నవంబరు, డిసెంబరుల్లో బ్రిటన్ కచేరీల్లో ఆపకుండా వాయించారు. పింక్ ఫ్లాయిడ్‌కు అది కొత్తేమీ కాదు. ‘ఆటమ్ హార్ట్ మదర్’, ‘ఎకోస్’ ఒక్కోటి ఎల్‌పీ ఒక వైపు నింపేసిన పాటలే. అదే వరసలో ఇదీ ఒక వైపు, అదే కచేరీల్లో వాయిస్తున్న మరో రెండు కొత్త పాటలు రెండో వైపు పెడదామని గిల్మోర్ అన్నాడు.

1975 జనవరిలో అబీ రోడ్‌లో రికార్డింగ్ మొదలయ్యేసరికి ఎవరి మనసూ అక్కడ లేదు. వచ్చి కూర్చుంటారు, ధ్యాస మాత్రం ఇంకెక్కడో. ఇంజినీర్ బ్రయన్ హంఫ్రీస్‌కు ఆ స్టూడియో పరికరాలు కొత్త. ‘షైన్ ఆన్’ మూల ట్రాకుల మీదకు పొరపాటున ప్రతిధ్వని ఎక్కిపోయి, చేసిన పని పాడైంది. మళ్లీ మొదటినుంచి వాయించాల్సి వచ్చింది. ఆ నిస్సత్తువనే వాటర్స్ ఆల్బమ్‌కు విషయం చేశాడు. పక్కనున్న మనిషి మనసు పక్కన లేకపోవడం, సంగీత వ్యాపారం మనిషిని సరుకుగా చూడటం అన్నవాటి మీద కొత్త పాటలు రాసి, ‘షైన్ ఆన్’ను రెండుగా కోసి వాటికి ముందొకటి వెనకొకటి పెడదామన్నాడు. మేసన్, రైట్ అటే మొగ్గారు. మూడుకు ఒకటిగా గిల్మోర్ ఓడిపోయాడు. పక్కన పడ్డ ఆ రెండు పాటలు పేర్లు మార్చుకుని 1977లో ‘యానిమల్స్’ ఆల్బమ్‌లోకి వెళ్లాయి.

26 నిమిషాల సంగీతాన్ని ఎల్‌పీ ఒక్క వైపు ఇరికిస్తే శబ్దం పలచబడుతుంది గనక కోత సాంకేతికంగా కలిసొచ్చింది. కానీ కోత విలువ అందులో లేదు. వాటర్స్ ప్రతిపాదన వల్ల పాట మధ్యలో ఒక పూడని ఖాళీ ఏర్పడింది. శ్రోత సిడ్‌ను తలుచుకోవడం మొదలుపెట్టగానే పాట అతన్ని లాక్కుపోతుంది. యంత్రాల రొదలోకి, సిగార్లు పంచే వ్యాపారుల మధ్యకి తీసుకుపోయి, మూడు పాటల తర్వాత గాలి హోరులో మళ్లీ మొదటి చోటికి తెచ్చి దింపుతుంది. సిడ్‌ను అసలు ఎవరు ఎలా పోగొట్టుకున్నారో ఆ మూడు పాటలు చెప్పేస్తాయి. కథగా కాదు, వరసగా.

ఒక మాట ఒప్పుకోవాలి. రెండో సగం మొదటి సగమంత బిగువుగా లేదు. గాలి హోరులోంచి బేస్ గిటార్ ఒకే స్వరాన్ని కొడుతూ పాట మొదలవడం బాగుంటుంది. గిల్మోర్ ఒళ్లో పెట్టుకుని ఉక్కు కడ్డీ జార్చి వాయించే లాప్ స్టీల్ గిటార్ స్థాయి మీద స్థాయి ఎక్కుతూ గొంతు చించుకోవడం ఇంకా బాగుంటుంది. ఏడో భాగంలో మిగిలిన చరణం వస్తుంది. ఆ తర్వాతి ఎనిమిదో భాగంలో మాత్రం తాళం తుళ్లుతూ, కీబోర్డులు సరదాగా వాయించుకుంటూ కాసేపు దారి తప్పుతారు. అక్కడ రెండు నిమిషాలు తగ్గించినా పాటకు నష్టం ఉండేది కాదు.

తొమ్మిదో భాగం వచ్చేసరికి ఆ తప్పు మర్చిపోతాం. అది పూర్తిగా రైట్ రాసుకున్నది. పాట నాలుగేసి నడకలో సాగుతుంది, అంతిమయాత్రలో అడుగులు పడ్డంత నెమ్మదిగా. గిటార్ లేచి ఏమీ చెప్పదు. అంతకుముందు అన్నిసార్లు మాట్లాడిన గిల్మోర్ ఇక్కడ మౌనంగా ఉండటమే అతని వాయింపు. రైట్ ఒక్కడే మినీమూగ్‌తో ఆ రాగాన్ని మోస్తాడు. సంగీతం తగ్గిపోయే చిట్టచివర అతని వేళ్లు చిన్న స్వరమాల పలుకుతాయి. అది ‘సీ ఎమిలీ ప్లే’ వరస, 1967లో సిడ్ కట్టింది. శబ్దం తగ్గించుకుని వింటే దాటిపోతుంది. 26 నిమిషాల నివాళిలో సిడ్ సొంత సంగీతం వినిపించేది ఆ కొన్ని క్షణాలే. దాన్ని ముందు పెట్టి మెప్పు పొందవచ్చు. రైట్ దాన్ని చివర్లో, తెలిసినవాళ్లకు మాత్రమే తెలిసేలా పెట్టాడు.

ఆఖరి శ్రుతి దగ్గర ఇంకొక పని జరుగుతుంది. పాటంతా జి మైనర్. ముగింపు జి మేజర్. సాధారణ గాంధారం ఉండాల్సిన చోట అంతర గాంధారం వచ్చి కూర్చుంటుంది. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో ఇది పాత అలవాటే, దుఃఖపు మేళంలో నడిచిన రచనను వెలుగుతో ముగించడం. ఇక్కడ దానికి వేరే బరువు ఉంది. సిడ్ థీమ్ మొదలయ్యేదే సాధారణ గాంధారంతో. పాట పొడుగునా మనల్ని వెంటాడిన స్వరం అది. థీమ్‌లో ధైవతం అరమెట్టు పైకి జరిగి ప్రశ్న వేసింది, ముగింపులో గాంధారం అరమెట్టు పైకి జరిగి దానికి దొరకగల ఒకే ఒక జవాబు ఇచ్చింది. వాళ్లు ఈ లెక్క వేసుకుని చేశారో, చెవి చెప్పినట్టు చేశారో మనకు అనవసరం. మంచి పనివాడి చెవికి లెక్క వేరే నేర్పక్కర్లేదు.

తలుపు తట్టిన మనిషి

ఈ పాట చుట్టూ తిరిగే అతి ప్రసిద్ధమైన ఘటన 1975 జూన్ 5న జరిగింది. అబీ రోడ్‌లో ఇదే పాట మిక్సింగ్ పనిలో ఉండగా లావుపాటి మనిషి ఒకడు లోపలికి వచ్చాడు. గుండు, కనుబొమ్మలు కూడా గొరిగేసి ఉన్నాయి. స్టూడియో మనిషేమో అనుకున్నారు. అతనెవరో వాళ్లకు పోల్చుకోవడానికి కొంతసేపు పట్టింది. సిడ్ బారెట్. తెలిశాక వాటర్స్ కళ్లలో నీళ్లు తిరిగాయి. సిడ్ కాసేపు ఉండి వెళ్లిపోయాడు. కేంబ్రిడ్జ్‌లో బొమ్మలు వేసుకుంటూ, తోటపని చేసుకుంటూ బతికి, 2006 జూలై 7న అరవై ఏళ్ల వయసులో కన్నుమూశాడు. రెండేళ్ల తర్వాత సెప్టెంబరులో రిక్ రైట్ కూడా పోయాడు.

ఆ రాకను చూసి ఈ పాట రాశారని ఇప్పటికీ చెప్పుకునేవాళ్లు ఉన్నారు. కథగా బాగుంటుంది గానీ నిజం కాదు. అతను తలుపు తోసుకుని వచ్చేనాటికి పాట కచేరీల్లో వాయించబట్టి ఏడాదైంది. నాలుగు స్వరాలు, వాటి చుట్టూ ఖాళీ, ఆలస్యంగా వచ్చే గొంతు, కలిసి దీవించే గొంతులు అన్నీ అప్పటికే ఉన్నాయి. యాదృచ్ఛికాన్ని తీసేస్తే పాట తగ్గిపోతుందేమోనని భయపడాల్సిన పని లేదు. దానికి ఆ ఊతం అవసరం లేనంత గట్టిగా కట్టారు.

స్టార్మ్ థార్గర్సన్ చేసిన ఆల్బమ్ అట్టలో కూడా ఇదే పద్ధతి. ఇద్దరు మనుషులు చేతులు కలుపుకుంటుంటారు, అందులో ఒకడికి నిప్పంటుకుని ఉంటుంది. అంత మంచి బొమ్మను తయారు చేసి, దాని మీద లోపలిదేదీ కనపడని నల్లటి ప్లాస్టిక్ చుట్టి దుకాణాలకు పంపారు. కొని, చింపితేగానీ బొమ్మ కనపడదు. పాటలో నాలుగు స్వరాలను నాలుగు నిమిషాలు దాచిన బుద్ధికీ దీనికీ తేడా లేదు.

ప్రోగ్రెసివ్ రాక్ నిడివిని వెక్కిరించేవాళ్లకు ఈ పాట ఇచ్చే జవాబు సూటిగా ఉంటుంది. నిడివి గొప్ప కోసమైతే విసుగు పుడుతుంది. ఇక్కడ నిడివే విషయం. రాని మనిషి కోసం ఎదురుచూడటం అంటే ఏమిటో మూడు నిమిషాల్లో చెప్పవచ్చు, చూపించలేం. శ్రోతే ఎదురుచూసేలా చేస్తే తప్ప అది అనుభవంలోకి రాదు. తొమ్మిది నిమిషాలు ఆపి, మధ్యలో మళ్లీ మూడు పాటలు ఆపి, వీళ్లు ఆ పని చేయించారు.

ఈ రోజుల్లో ఫోన్‌లో రెండు సగాలనూ పక్కపక్కన పెట్టుకుని ఒక్క పాటగా వినడం చిటికెలో పని. 1974 నాటి వెంబ్లీ కచేరీ రికార్డింగులో ఏకఖండపు రూపం కూడా దొరుకుతోంది, అది కూడా 2011 విడుదలతోనే బయటికొచ్చింది. ఒకసారి అలా విని, ఇంకోసారి ఆల్బమ్‌ను మొదటినుంచి చివరిదాకా వరసగా వినండి. అతికించి విన్నప్పుడు మంచి పాట వినిపిస్తుంది. వరసలో విన్నప్పుడు, గాలి హోరులోంచి రెండో సగం లేచేసరికి, మీరు కూడా ఎవరినో ఎక్కడో దించేసి చాలా దూరం వచ్చేసినట్టు ఉంటుంది. గిల్మోర్ అడిగింది న్యాయమే, అయినా ఆ ఓటింగులో అతను ఓడిపోవడమే పాటకు మేలు చేసింది.